లాటిన్ మాట వెనకాల వాయిదా ఉంటుంది

(ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దు దగ్గరున్న పర్లాకిమిడిలో తెలుగువాళ్ళ సమావేశంలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డు విని రాశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డ బాబులు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. అమ్మా, మీరూ రండి.

కోర్టు కాగితాల్లో కనిపించే లాటిన్ మాటలకు అర్థాలు చెప్పమన్నారు. అర్థాలు చెప్పడం ఎంతసేపు? ఒక పేజీ జిరాక్సు తీసి పంచితే సరిపోతుంది. ఎక్స్ పార్టే అంటే ఒక పక్షం నుంచి. కేవియట్ అంటే జాగ్రత్తపడుగాక. స్టేటస్ కో అంటే ఉన్నది ఉన్నట్టు. అయిపోయింది, ఇంటికెళ్ళిపోదామా? ఇవన్నీ బట్టీపట్టినా మీ పొలం నిలవదు. కోర్టులో ఈ మాటలు పని కోసం వాడతారు. ఒక్కో మాట వెనకాల ఒక గడువుంటుంది, ఒక కాగితం ఉంటుంది, ఆ కాగితం ఫలానా కోర్టులోనే వెయ్యాలనే నియమం ఉంటుంది. అందుకని ఇలాంటి మాట చెవిన పడగానే వకీలుగారిని అర్థం అడగడం తరవాత. ముందు "ఇప్పుడు నేనేం చెయ్యాలి, ఎన్ని రోజుల్లోపు?" అని అడగండి. ఇవాళ నేను చెప్పేదంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ముందు భయం పోవాలి. ఈ లాటిన్ రోమనుల దగ్గర పుట్టి, ఇంగ్లీషువాళ్ళ నోట్లో నలిగి, మన దగ్గరకొచ్చి ఒడియా నోట్లోనూ తెలుగు నోట్లోనూ మళ్ళీ నలిగింది. దీన్ని తప్పుగా పలికామే అని సిగ్గుపడక్కర్లేదు. పైకి చూడగానే అనిపించేదాన్ని ఒకాయన ప్రైమా ఫేసీ అంటాడు, ఇంకొకాయన ప్రైమా ఫేషియా అంటాడు, జడ్జిగారికి ఇద్దరిదీ అర్థమవుతుంది. మన పేపర్లు సుమోటో అని రాస్తాయి. అదేదో టాటా సుమో బండిలాగా వినిపిస్తుంది. అసలు మాట సువో మోటు, తనంతట తాను కదలడం. ఎవరూ పిటిషన్ వెయ్యకుండానే కోర్టు తనే కేసు తీసుకోవడం.

తమాషా ఏమిటంటే, ఈ మాటల్ని మనకు అంటగట్టిన ఇంగ్లండు వీటిని వదిలించుకుంటోంది. కోర్టు రికార్డులు లాటిన్‌లో రాయడం ఆపమని అక్కడి పార్లమెంటు 1730లోనే చట్టం చేసింది, 1733 నుంచి అమలైంది. ఆ తరవాత కూడా మిగిలిపోయిన ముక్కల్లో చాలావాటిని 1999 ఏప్రిల్‌లో కొత్త సివిల్ నియమాలు వచ్చినప్పుడు తీసేశారు. ఎక్స్ పార్టేకి బదులు నోటీసు లేకుండా అని రాసుకున్నారు. ఇన్ కెమెరాకి బదులు ప్రైవేటుగా అన్నారు. అన్నట్టు ఈ ఇన్ కెమెరా దగ్గర మనవాళ్ళు భయపడతారు, వీడియో తీస్తారేమోనని. లాటిన్‌లో కెమెరా అంటే గది. తలుపులు మూసి, బయటివాళ్ళను పంపేసి విచారించడం. అత్యాచారం కేసుల్లో బాధితురాలి పరువు కాపాడడానికి చేసేది అదే. వీడియోకి సరిగ్గా ఎదురన్నమాట.

అక్కడ తీసేసినా మన దగ్గర మాత్రం పోవు. రాజ్యాంగం 32వ అధికరణంలోనే హెబియస్ కార్పస్, మాండమస్, ప్రొహిబిషన్, కో వారంటో, సెర్షియోరరీ అని ఐదు రిట్ల పేర్లు రాసి ఉన్నాయి. రిట్ అంటే పై కోర్టు ఇచ్చే ఆజ్ఞ. 2024 జులై 1న నేర చట్టాల పేర్లు సంస్కృతంలోకి మారాయి, అయినా కోర్టు హాల్లో మెన్స్ రియా, అంటే నేరం చెయ్యాలన్న మనసు, అలాగే ఉంది. కాబట్టి నేర్చుకోక తప్పదు.

అఫిడవిట్టు, అలియాస్

రోజూ వాడే మాటతో మొదలుపెడదాం. అఫిడవిట్టు. ఇది నిజానికి ఒక పూర్తి వాక్యం. "ఆయన ప్రమాణం చేసి చెప్పాడు" అని. అందులో విశ్వాసం అనే ధాతువుంది. మనం ఏం చేస్తాం? స్టాంపు వెండరు దగ్గరకెళ్ళి "ఒక అఫిడవిట్టు కొట్టించండి" అంటాం, చూపించినచోట సంతకం పెట్టేస్తాం. ప్రమాణం ఎక్కడుంది అందులో?

మన ఊళ్ళో దీని ఇబ్బంది ఇంకా ఎక్కువ. ఎందుకు? కాగితం ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. సంతకం పెట్టే మనిషికి తెలుగు తప్ప చదవడం రాదు. అలాంటప్పుడు కింద ఒక వాక్యం ఉండాలి: "పై విషయాలు ఇతనికి తెలుగులో చదివి వినిపించి వివరించాను, అర్థం చేసుకుని సరైనవని ఒప్పుకున్నాడు" అని, చదివిన మనిషి సంతకంతో. ఆ వాక్యం లేకపోతే రేపు క్రాస్ పరీక్షలో "ఇందులో ఏముందో నీకు తెలుసా?" అని అవతలి వకీలు అడుగుతాడు. "తెలీదు బాబూ, సంతకం పెట్టమన్నారు" అంటే ఆ కాగితం బరువు అక్కడికక్కడే పోతుంది.

రెండోది, ధ్రువీకరణ పేరా. ఎన్నో పేరా నుంచి ఎన్నో పేరా దాకా స్వయంగా తెలిసిన సంగతులు, ఏవి ఇతరులు చెప్పగా నమ్మినవి అని విడదీసి రాయాలి. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 19, రూల్ 3 అదే చెబుతుంది. తనకు తెలిసిందే చెప్పాలి, మధ్యంతర పిటిషన్లలో మాత్రం నమ్మకాన్ని చెప్పవచ్చు, అది కూడా ఎందుకు నమ్ముతున్నాడో కారణం చెప్పాలి. అంతా "నాకు తెలిసి నిజం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే అది బలహీనమైన అఫిడవిట్టు. కొట్టివేతలుంటే ప్రతి కొట్టివేత పక్కన పొడి సంతకం ఉండాలి. అబద్ధమైతే? న్యాయ విచారణలో తప్పుడు సాక్ష్యానికి భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ళ దాకా శిక్ష ఉంది. యాభై రూపాయల కాగితమే కదా అనుకోకండి.

ఇక అలియాస్. అంటే "మరో విధంగా". మనకు దొంగల పేర్ల మధ్య కనిపించే మాట అది. పోలీసు కాగితాల్లో ఈమెయిల్‌లో పెట్టే ఎట్ గుర్తు పెడతారు, అది కూడా అలియాసే. కానీ ఈ సరిహద్దులో అలియాస్ దొంగలకు కాదు, మనకే కావాలి! ఎలాగంటారా? వెంకటరావు ఒడియాలోకి వెళ్ళేసరికి బెంకట రావు అవుతాడు. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఇక్కడ ఆఫీసుల్లో చివరికి తోస్తారు. తాతగారి పేరు మీదున్న పాత తెలుగు దస్తావేజులో ఒకలా, ఒడియా ఖతియాన్‌లో, అంటే భూమి హక్కుల రికార్డులో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా. మనిషి ఒక్కడే, కాగితాల్లో ముగ్గురు.

దావా వేసేటప్పుడే వాది పేరు పక్కన అలియాస్ పెట్టి, దొరికిన అన్ని రూపాలూ రాయించండి. ప్రతివాదికీ అలాగే. డిక్రీ, అంటే తీర్పు మీద రాసే కోర్టు ఉత్తర్వు, వచ్చాక అమలు దశలో "ఈ బెంకట రావు నేను కాదు" అని అవతలివాడు నిలబడితే మళ్ళీ రెండేళ్ళు. మొదట్లో ఒక్క లైను రాయడానికి బద్ధకించినందుకు.

ఎక్స్ పార్టే

మనవాళ్ళు ఎక్స్‌పార్టీ అంటారు. ఎక్స్ ఎమ్మెల్యే అంటే మాజీ ఎమ్మెల్యే కదా, అలాగే ఎక్స్ పార్టీ అంటే కేసులోంచి పోయిన పార్టీ అనుకుంటారు. తమాషాగా ఉన్నా, ఆ అపార్థం చాలా నష్టం చేస్తుంది. "నన్ను ఎక్స్‌పార్టీ చేసేశారండీ, ఇక నా పని అయిపోయింది" అని ఇంట్లో కూర్చుంటారు. అయిపోలేదు! ఎక్స్ అంటే ఇక్కడ "నుంచి". ఒక పక్షం నుంచి మాత్రమే విని నడిపిస్తున్నారని అర్థం. మీరు రాలేదు కాబట్టి మీరు లేకుండా నడుస్తోంది. మీరొస్తే?

ఇక్కడ మూడు మెట్లున్నాయి, జాగ్రత్తగా వినండి. మొదటి మెట్టు: వాయిదాకి మీరు వెళ్ళలేదు, ఎక్స్ పార్టే అని రాశారు, తీర్పు ఇంకా రాలేదు. అప్పుడు తరవాతి వాయిదాకి హాజరై, రాకపోవడానికి కారణం చూపిస్తే అదే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 9, రూల్ 7 కింద ఆ ఉత్తర్వు తీసేసి మిమ్మల్ని మొదటి నుంచీ ఉన్నట్టే చూడమని అడగొచ్చు. కారణం నిలవకపోయినా, ఆ రోజు నుంచి జరిగే విచారణలో పాల్గొనకుండా మిమ్మల్ని ఆపలేరు. 1955లో సంగ్రాం సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. అంటే ఒక సాక్షి అయిపోయాడు, మిగిలిన ఇద్దర్ని మీరు క్రాస్ చెయ్యొచ్చు.

రెండో మెట్టు: డిక్రీ వచ్చేసింది. అప్పుడు రూల్ 13. డిక్రీ తేదీ నుంచి 30 రోజులు. సమన్లు సరిగా అందకపోతే డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి 30 రోజులు. చూపాల్సిన కారణాలు రెండే: సమన్లు సరిగా అందలేదు, లేదా రాలేకపోవడానికి తగిన కారణం ఉంది. జ్వరమైతే ఆ తేదీ ఉన్న డాక్టరు కాగితం కావాలి. నెల తరవాత రాయించుకున్న సర్టిఫికెట్టు ఎవర్ని నమ్మిస్తుంది? ఒక మెలిక కూడా ఉంది. సమన్లు ఇవ్వడంలో చిన్న లోపం ఉన్నా, వాయిదా తేదీ మీకు తెలుసని, రావడానికి సమయం ఉందని కోర్టుకు నమ్మకం కుదిరితే ఆ లోపం పట్టుకుని డిక్రీ తియ్యరు.

మూడో మెట్టు: 30 రోజులు దాటింది. ఆలస్యం మన్నించమని లిమిటేషన్ చట్టం 5వ సెక్షన్ కింద ఇంకో అర్జీ జతచెయ్యాలి, ఆలస్యానికి కారణం వివరించాలి. "నాకు తెలీదండీ" అని ఒక్క ముక్క చాలదు. ఎప్పుడు తెలిసింది, ఎవరు చెప్పారు, ఆ మర్నాడు మీరేం చేశారు?

ఇంకో మూఢనమ్మకం ఉంది మన దగ్గర. సమన్లు తీసుకోకపోతే కేసు నడవదని. సమన్లు తెచ్చే కోర్టు మనిషి, అదే అమీనా, వీధి చివర కనిపించగానే నది దాటి ఆంధ్ర వైపు పాతపట్నం వెళ్ళిపోయేవాళ్ళున్నారు. ఎందుకూ? మీరు తీసుకోనంటే తలుపుకి అంటించి వెళ్ళొచ్చు. మీరు తప్పించుకుంటున్నారని తేలితే పేపర్లో ప్రకటన వేయించవచ్చు. రెండూ అందినట్టే లెక్క. తీసుకోండి. సమన్లు తీసుకుంటే మీకొచ్చే నష్టం సున్న. లిఖిత జవాబుకి 30 రోజుల సమయం వస్తుంది, కోర్టు కారణం రాసి 90 రోజుల దాకా పెంచవచ్చు. తీసుకోకపోతే ఆ సమయమే పోతుంది.

కేవియట్, స్టేటస్ కో

ఎక్స్ పార్టేకి ముందే వేసుకునే గొడుగు కేవియట్. గట్టు మీద గోడ కట్టబోతున్నారు, పక్కవాడు ఇంజంక్షన్, అంటే పని ఆపమనే ఉత్తర్వు తెస్తాడని మీకు అనుమానం. వాడు వెళ్ళి మీకు నోటీసు లేకుండానే ఉత్తర్వు తెచ్చుకోకుండా, "ఇలాంటి అర్జీ వస్తే నన్నూ వినండి" అని ముందే కోర్టుకి చెప్పుకోవడం. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 148ఏ సెక్షన్, 1976 సవరణతో వచ్చింది.

తప్పులు ఎక్కడ జరుగుతాయో చెబుతాను. మొదటిది, కేవియట్ 90 రోజులే ఉంటుంది. తొంభై ఒకటో రోజున అవతలివాడు అర్జీ వేస్తే మీ గొడుగు లేనట్టే. కొంతమంది ఆ తేదీ కోసమే కాచుకుంటారు. క్యాలెండర్లో 85వ రోజు దగ్గర గుర్తు పెట్టుకుని మళ్ళీ వెయ్యండి. రెండోది, కేవియట్ కాపీ అవతలివాడికి రిజిస్టరు పోస్టులో పంపాలి, ఆ రసీదు కోర్టులో పెట్టాలి. మూడోది కోర్టు. భూమి నదికి అవతల శ్రీకాకుళం జిల్లాలో ఉంటే, ఇక్కడ పర్లాకిమిడిలో కేవియట్ వేసి ఏం లాభం? దావా అక్కడే పడుతుంది. నాలుగోది, ఇందాక చెప్పిన పేరు. కేవియట్ ఉందా లేదా అని కోర్టు ఆఫీసు చూసేది పార్టీల పేర్లను బట్టి. వెంకటరావు పేరుతో వేశారు, దావా బెంకట రావు మీద పడింది. "కేవియట్ లేదు" అని రాసి పంపేస్తారు. అందుకే అలియాస్ ఇక్కడా కావాలి.

కేవియట్ దావాని ఆపదు, అది కూడా గుర్తుంచుకోండి. వినకుండా ఉత్తర్వు ఇవ్వడాన్ని మాత్రం ఆపుతుంది.

కేవియట్ లేక ఎక్స్ పార్టే ఇంజంక్షన్ వచ్చేసిందనుకోండి. అప్పుడూ దారులున్నాయి. ఆర్డర్ 39, రూల్ 3 ప్రకారం నోటీసు లేకుండా ఎందుకిస్తున్నారో జడ్జిగారు కారణం రాయాలి. తెచ్చుకున్నవాడు అర్జీ, అఫిడవిట్టు, దావా కాపీ, పత్రాలు మీకు వెంటనే పంపి, పంపినట్టు ఆ రోజే లేదా మర్నాడే అఫిడవిట్టు వెయ్యాలి. 30 రోజుల్లోపు ఆ అర్జీ తేల్చడానికి కోర్టు ప్రయత్నించాలి. చాలామంది ఈ పంపడం దగ్గర తప్పుతారు. మీ వకీలు మొదట చూడాల్సింది అదే.

స్టేటస్ కో గురించి. తెలుగులో యథాతథ స్థితి అంటారు. కొరాపుట్ వైపు వాళ్ళకి ఈ మాట కొత్త కాదు, ఒడిశా, ఆంధ్రల మధ్య నడుస్తున్న కొటియా ఊళ్ళ తగవు వల్ల చిన్నపిల్లలకీ వచ్చు. దాని మీద అభిప్రాయం నన్నడక్కండి, అలాంటి చోట సబ్ జుడిసె, అంటే కోర్టు విచారణలో ఉంది, అనే మాట చాలా ఉపయోగపడుతుంది. మన పొలాల దగ్గర స్టేటస్ కోతో వచ్చే చిక్కేమిటి? ఉన్నది ఉన్నట్టు ఉంచండి అని ఉత్తర్వు. సరే, ఏముంది? స్వాధీనంలో నేనున్నానని ఇతను, నేనున్నానని అతను. ఉత్తర్వు ఇద్దరి చేతుల్లోనూ ఉంటుంది, ఇద్దరూ దున్నడానికి వెళతారు, ఇద్దరూ పోలీస్ స్టేషన్‌కి వెళతారు. అందుకని స్టేటస్ కో ఇస్తున్నప్పుడే మీ వకీలు లేచి అడగాలి: ఏ తేదీ నాటి స్థితి, ఎవరు స్వాధీనంలో ఉన్నట్టు? ఆ రెండు ముక్కలూ ఉత్తర్వులో పడాలి. అవసరమైతే కోర్టు తరఫున కమిషనర్ని పంపి ఫొటోలు, కొలతలు తీయించమని అడగాలి. ఇది అడగని స్టేటస్ కో కంటే ఉత్తర్వు లేకపోవడమే నయం అని నా అభిప్రాయం.

పొలం కొనేముందు

లిస్ పెండెన్స్. లిస్ అంటే తగవు, పెండెన్స్ అంటే వేలాడుతున్నది. ఆస్తి బదిలీ చట్టం, 1882, 52వ సెక్షన్. ఒక భూమి హక్కు మీద నేరుగా దావా నడుస్తుండగా పార్టీ దాన్ని అమ్మితే, కొన్నవాడు ఆ దావా తీర్పుకి కట్టుబడాలి. అమ్మకం చెల్లకుండా పోదు. కానీ అమ్మినవాడు ఓడితే కొన్నవాడూ ఓడినట్టే. "నాకు కేసు సంగతి తెలీదు, పూర్తి డబ్బిచ్చి మంచి మనసుతో కొన్నాను" అంటే? బోనా ఫైడే అనే మాట ఇక్కడ పనిచెయ్యదు. ఇది చాలామందికి మింగుడుపడదు, కానీ అంతే. దావా పడిన రోజు నుంచి అప్పీళ్ళు, డిక్రీ అమలు పూర్తయ్యే దాకా దావా నడుస్తున్నట్టే లెక్క.

మహారాష్ట్రలో ఒక వెసులుబాటుంది. బొంబాయి రాష్ట్రం 1939లో చేసిన సవరణ వల్ల దావా సంగతి రిజిస్ట్రేషన్ ఆఫీసులో నమోదు చేయిస్తేనే కొనేవాడికి అది తగులుతుంది. సిరొంచ, ధర్మాబాద్ వైపున్న మన తెలుగువాళ్ళకి ఆ రక్షణ ఉంది. ఒడిశాలో, ఆంధ్రలో అది లేదు. ఇక్కడ రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఈసీ తీస్తే తనఖాలు, అమ్మకాలు కనిపిస్తాయి గాని కోర్టులో నడుస్తున్న దావా అందులో కనిపిస్తుందన్న నమ్మకం లేదు. మరేం చెయ్యాలి? ఈ-కోర్ట్స్ అనే కోర్టుల వెబ్‌సైటులో జిల్లా, కోర్టు సముదాయం ఎంచుకుని పార్టీ పేరు కొట్టి వెతకాలి. అమ్మేవాడి పేరు, వాళ్ళ నాన్న పేరు, అన్నదమ్ముల పేర్లు. ఒక్కో పేరుకీ మూడు స్పెల్లింగులు. నడుస్తున్నవే కాదు, ముగిసినవీ చూడండి, అప్పీలు ఉండొచ్చు. ఆ తరవాత ఊళ్ళో టీకొట్టు దగ్గర పది నిమిషాలు కూర్చోండి, సైటులో లేనిది అక్కడ దొరుకుతుంది.

ఒక సంగతి. అమ్మేవాడి మీద ప్రామిసరీ నోటు బాకీ దావా ఉంటే అది లిస్ పెండెన్స్ కాదు, అందులో భూమి హక్కు తగవు కాదు కాబట్టి. కానీ తీర్పుకి ముందే జప్తు ఉత్తర్వు ఉందేమో చూసుకోవాలి. అది వేరే ప్రమాదం.

నీమో డాట్ క్వాడ్ నాన్ హాబెట్. పొడుగ్గా ఉంది గాని మనకు తెలిసిందే: నూతిలో ఉంటేనే చేదలోకి వస్తుంది. అమ్మేవాడికి లేని హక్కు కొనేవాడికి రాదు. దీనికి తోడు వాయిడ్ అబ్ ఇనీషియో, అంటే మొదటి నుంచే చెల్లనిది. మన ప్రాంతంలో ఈ రెండూ కలిసి దెబ్బకొట్టేది షెడ్యూల్డ్ ప్రాంతాల్లో. గజపతి జిల్లాలో ఆర్. ఉదయగిరి వైపు, గుమ్మ, రాయగడ బ్లాకులు. ఈ రాయగడ మన జిల్లాలో బ్లాకు, అటు రాయగడ జిల్లా వేరు, రెండూ షెడ్యూల్డ్ ప్రాంతాలే. అక్కడ గిరిజనుల భూమి గిరిజనేతరులకు బదిలీ కాకుండా ఒడిశాలో 1956 నాటి 2వ నంబరు రెగ్యులేషన్ ఉంది. ఆంధ్ర వైపు 1959 నాటిది, 1970లో సవరించారు, అందరూ వన్ ఆఫ్ సెవెంటీ అనేది అదే. దానికి విరుద్ధంగా కొన్న భూమి చేతులు మారి నాలుగో మనిషి దగ్గరకొచ్చినా, నాలుగో మనిషికీ ఏమీ రాదు. మొదటి చేదలోనే నీళ్ళు లేవు.

వాయిడ్‌కి, వాయిడబుల్‌కి తేడా చూడండి. మైనరు వాటాని తండ్రి కోర్టు అనుమతి లేకుండా అమ్మేశాడు. ఆ అమ్మకం మొదటి నుంచే చెల్లనిది కాదు. కుర్రాడు కోరితే రద్దయ్యేది. వాడికి పద్దెనిమిది నిండాక మూడేళ్ళ గడువు. అంటే ఇరవై ఒకటో ఏడు నిండేదాకా కొన్నవాడి మెడ మీద కత్తి. దస్తావేజులో మైనరు పేరు కనిపిస్తే కోర్టు అనుమతి కాగితం అడగకుండా బయానా ఇవ్వకండి.

లెక్స్ సైటస్ అంటే భూమి ఉన్నచోటి చట్టం. అమ్మేవాడూ కొనేవాడూ పర్లాకిమిడివాళ్ళే అయినా పాతపట్నం పొలం అక్కడే రిజిస్టరవుతుంది, దావా అక్కడే. మరి తండ్రి ఆస్తి రెండు వైపులా ఉంటే, రెండు పార్టిషన్ దావాలా? అక్కర్లేదు. వేరువేరు కోర్టుల పరిధిలో ఆస్తులున్నా తగవు ఒక్కటే అయితే సివిల్ ప్రొసీజర్ కోడ్ 17వ సెక్షన్ కింద ఏదో ఒక కోర్టులో ఒకే దావా వెయ్యొచ్చని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది.

పార్టిషన్ అన్నాక పర్ స్టిర్పీస్ చెప్పాలి. పర్ కాపిటా అంటే తల లెక్క, పర్ స్టిర్పీస్ అంటే కొమ్మ లెక్క. వీలునామా రాయకుండా పెద్దాయన పోయాడు. స్వార్జితం నాలుగెకరాలు. భార్య ఉంది, ఒక కొడుకు, ఒక కూతురు ఉన్నారు. ఇంకో కొడుకు ముందే పోయాడు, వాడికి భార్య, ముగ్గురు పిల్లలు. ఎంతమంది? ఏడుగురు. నాలుగెకరాల్ని ఏడు చేస్తామా? చెయ్యం. భార్యకి ఎకరం, కొడుక్కి ఎకరం, కూతురికి ఎకరం, పోయిన కొడుకు కొమ్మకి ఎకరం. ఆ ఎకరంలో కోడలికి పాతిక సెంట్లు, పిల్లలు ముగ్గురికీ తలా పాతిక. పెద్దాయన తల్లి బతికుంటే ఆమెకీ ఒక వాటా, అప్పుడు కొమ్మలు ఐదు. పెద్దమనుషుల తీర్పుల్లో కూతుర్ని వదిలేస్తారు, కోడలికి పాతిక ఎందుకంటారు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ఎవర్నీ వదల్లేదు.

క్రిమినల్ వైపు

ఇటు త్వరగా వెళతాను. అలిబై అంటే "వేరేచోట". నేరం జరిగినప్పుడు నేనక్కడ లేను అనడం. 1872 సాక్ష్య చట్టంలో ఉదాహరణ బాగుండేది: నేరం కలకత్తాలో, మనిషి లాహోర్లో. అంత దూరం ఉండాలి! నది అవతల పెళ్ళిలో ఉన్నానంటే, నడిచి అరగంట కదా అంటారు. చెప్పినవాడే రుజువు చెయ్యాలి, దర్యాప్తులోనే చెప్పాలి. ఏడాది తరవాత గుర్తొచ్చిన అలిబైని ఎవరు నమ్ముతారు?

హెబియస్ కార్పస్, "దేహాన్ని తెచ్చి చూపించు". భార్యగాని, స్నేహితుడుగాని ఎవరైనా వెయ్యొచ్చు, మనకి కటక్ హైకోర్టులో. మేజిస్ట్రేట్ చట్టప్రకారం రిమాండు ఇచ్చాక మామూలుగా ఇది పనిచెయ్యదు, బెయిలు దారే. ఒడిశా పేరు దేశమంతా తెలిసిన కేసు నీలబతి బెహరా కేసు. అది హెబియస్ కార్పస్ కాదు, కొడుకు కస్టడీలో చనిపోయాక తల్లి రాసిన ఉత్తరాన్నే సుప్రీంకోర్టు రిట్‌గా తీసుకుంది. 1993లో లక్షా యాభై వేలు పరిహారం ఇప్పించింది.

ఎక్స్ గ్రేషియా కూడా చెప్పి ముగిస్తాను. గ్రేషియా అంటే దయ. దయతో ఇచ్చే డబ్బు. 2023 జూన్ 2న బాలేశ్వర్ దగ్గర బహనాగ బజార్ రైలు ప్రమాదంలో చనిపోయినవారికి రైల్వే పది లక్షల ఎక్స్ గ్రేషియా ప్రకటించింది. అది చట్టం ఇచ్చే పరిహారం కాదు. చట్టపు పరిహారానికి రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో వేరే దరఖాస్తు, మరణానికి ఎనిమిది లక్షలు, గడువు ఏడాది. రోడ్డు ప్రమాదానికి మోటారు ట్రిబ్యునల్, చట్టంలో ఆరు నెలలని రాసి ఉంది. కలెక్టరుగారు చెక్కు ఇచ్చి ఫొటో దిగారు కాబట్టి అయిపోయిందనుకుని గడువు పోగొట్టుకోకండి.

ప్రశ్నలుంటే అడగండి.

ఆంధ్రా హైకోర్టు తీర్పు ఇక్కడ చెల్లుతుందా అని మాస్టారు అడుగుతున్నారు. మంచి ప్రశ్న. చూపించవచ్చు, ఒప్పించవచ్చు. కట్టుబడాలని లేదు. ఇక్కడి కోర్టుల్ని కట్టేది ఒడిశా హైకోర్టు, అందర్నీ కట్టేది 141వ అధికరణం కింద సుప్రీంకోర్టు. అందులోనూ రేషియో డెసిడెండై, అంటే తీర్పు దేని మీద నిలబడిందో ఆ కారణమే కట్టుతుంది. దారిలో జడ్జిగారు అన్న మాటలు ఓబిటర్ డిక్టా, అంత బలం ఉండదు. వాట్సాప్‌లో వచ్చే తీర్పులన్నీ ఎక్కువగా ఓబిటర్ ముక్కలే.

అమ్మ అడుగుతున్నారు, తీర్పు వచ్చింది, వకీలుగారు ఊళ్ళో లేరు, అప్పీలుకి ఎన్ని రోజులని. జిల్లా కోర్టుకైతే 30, హైకోర్టుకైతే 90, డిక్రీ తేదీ నుంచి. వకీలుగారు వచ్చేదాకా ఆగకండమ్మా, రేపే సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టండి. కాపీ తయారవడానికి పట్టిన రోజులు గడువులోంచి తీసేస్తారు. కానీ దరఖాస్తు పెట్టకముందు ఊరికే పోయిన రోజులు తియ్యరు. కాపీ వెనకాల దరఖాస్తు తేదీ, సిద్ధమైన తేదీ ముద్ర ఉంటుంది. తీసుకునేటప్పుడు ఆ రెండూ పడ్డాయో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోండి.